అల్జీమర్స్ వ్యాధికి మెదడు ఉద్దీపన: ఫోర్నిక్స్ ప్రయోగాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అల్జీమర్స్ రోగుల మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చి, ఫోర్నిక్స్ అనే నాడీతంతువుల కట్టకు విద్యుత్తును పంపి జ్ఞాపకశక్తి క్షీణతను ఆపవచ్చునా అన్న ప్రశ్నపై గత రెండు దశాబ్దాలలో కెనడా, అమెరికాలలో ప్రయోగాలు జరిగాయి. 2008లో ఒక రోగిలో యాదృచ్ఛికంగా కనిపించిన అనుభవం నుంచి 2016లో వెలువడిన 42 మంది రోగుల ప్రయోగఫలితాల వరకు ఈ పరిశోధన నడిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత జ్ఞాపకం మేల్కొనడాన్నీ, కొత్త విషయాన్ని నిలుపుకోగలగడాన్నీ ఒకటిగా చూడటంవల్ల ఈ ప్రయోగాల వ్యాఖ్యానంలో అయోమయం ఏర్పడిందనీ, ఫలితాలు చూసిన తరువాత చేసిన ఉపవర్గీకరణకు అర్హతకు మించిన బరువు దక్కిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అల్జీమర్స్, మెదడు ఉద్దీపన, ఫోర్నిక్స్, ధారణ, స్మరణ, ఉపవర్గ విశ్లేషణ, సమ్మతి.

1. ప్రవేశిక

ఆంగ్లంలోని స్టిమ్యులేషన్ అనే మాటకు తెలుగు శాస్త్రగ్రంథాలలో 'ఉద్దీపన' అనే పదం స్థిరపడింది. అలంకారశాస్త్రం చదివినవారికి ఈ పదం కొత్తది కాదు. రసనిష్పత్తిలో విభావాలు రెండు విధాలు. నాయికానాయకులు ఆలంబన విభావం. వెన్నెల, కోకిలకూజితం, మలయమారుతం వంటివి ఉద్దీపన విభావాలు. వెన్నెల రతిభావాన్ని పుట్టించదు. స్థాయిగా ఉన్నదాన్ని రగిలిస్తుంది. స్థాయీభావమే లేనిచోట ఎంత వెన్నెల కాసినా ప్రయోజనం లేదు. శాస్త్రపదకర్తలు ఈ అర్థచ్ఛాయను ఉద్దేశించి ఉండకపోవచ్చు. అయినా ఈ వ్యాసంలో పరిశీలించబోయే ప్రయోగాల మర్మం చాలావరకు ఈ ఒక్క భేదంలోనే ఉంది.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. మెదడుకు విద్యుత్తు అనగానే మన ఇళ్లలో స్ఫురించేది మానసిక వైద్యశాలల్లోని 'కరెంటు షాకు'. ఇక్కడ చర్చిస్తున్నది అది కాదు. కపాలానికి రెండు వైపులా చిన్న రంధ్రాలు చేసి, సన్నని తీగలను మెదడు లోతుల్లోకి దింపి, ఛాతీచర్మం కింద అమర్చిన పరికరం ద్వారా నిరంతరం స్వల్ప విద్యుత్తును పంపే పద్ధతి ఇది. ఫోర్నిక్స్ ప్రయోగాలలో వాడిన వోల్టేజి 3 నుంచి 3.5 వోల్టులు. అంటే చేతిదీపంలో వేసే రెండు బ్యాటరీలతో సమానం. సెకనుకు 130 సార్లు ఈ స్పందనం మెదడును చేరుతుంది. పార్కిన్సన్స్ వ్యాధిలో వణుకును అదుపు చేయడానికి ఇదే పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. అక్కడ పరికరం పనిచేస్తోందో లేదో చూపే సాక్ష్యం కంటికి కనిపిస్తుంది. మీట నొక్కితే చెయ్యి వణుకు తగ్గుతుంది. జ్ఞాపకశక్తికి అటువంటి ప్రత్యక్షసాక్ష్యం లేదు. ఈ పరిశోధనలోని చిక్కులన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

2. పార్కులో మిత్రులు

ఈ చరిత్రకు ఆరంభం అల్జీమర్స్ రోగి కాదు. టొరంటో వెస్టర్న్ ఆసుపత్రిలో ఆండ్రెస్ లొజానో బృందం తీవ్రమైన ఊబకాయంతో బాధపడుతున్న ఒక 50 ఏళ్ల వ్యక్తికి ఆకలిని అదుపు చేయాలన్న ఆలోచనతో హైపోథాలమస్‌లో ఎలక్ట్రోడ్లు అమర్చింది. శస్త్రచికిత్స జరుగుతున్నప్పుడు రోగి స్పృహలోనే ఉన్నాడు. విద్యుత్తు పంపగానే తాను మిత్రులతో ఒక పార్కులో ఉన్నట్టు, తనకు ఇరవై ఏళ్ల వయసున్నట్టు అనిపించిందని అతడు చెప్పాడు. ఆ గుంపులో ఒకప్పటి ప్రియురాలిని గుర్తుపట్టాడు. విద్యుత్తు తీవ్రత పెంచినకొద్దీ దృశ్యంలో వివరాలు పెరిగాయి. అక్కడివారు ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు మాత్రం అతనికి అర్థం కాలేదు. ఎలక్ట్రోడ్ల కొనలు ఫోర్నిక్స్‌కు అతి సమీపంలో ఉన్నాయని తరువాత తేలింది. ఈ విషయం 2008లో 'అన్నల్స్ ఆఫ్ న్యూరాలజీ' పత్రికలో అచ్చయింది.

ఫోర్నిక్స్ అంటే లాటిన్‌లో కమాను. హిప్పోకాంపస్ నుంచి బయలుదేరి, మెదడు మధ్యభాగం మీదుగా వంపు తిరిగి, హైపోథాలమస్ వెనుకభాగాన్ని చేరే నాడీమార్గం ఇది. 1937లో జేమ్స్ పేపెజ్ వర్ణించిన నాడీవలయంలో ఇది ప్రధానభాగం. అల్జీమర్స్ వ్యాధి తొలిదశలో దెబ్బతినే ప్రాంతాలలో హిప్పోకాంపస్ ఒకటి. కాబట్టి ఫోర్నిక్స్ ద్వారా ఆ వలయాన్ని ఉత్తేజపరచవచ్చునన్న ఊహ నిరాధారమైనది కాదు. పైగా ఆ వ్యక్తి కొన్ని వారాల ఉద్దీపన తరువాత పదాలను నేర్చుకునే పరీక్షలలో మెరుగుపడ్డాడని కూడా అదే నివేదిక పేర్కొంది. పరిశోధకులు పార్కు దృశ్యాన్ని మాత్రమే నమ్ముకుని ముందుకు సాగలేదని చెప్పడానికి ఇది ముఖ్యం.

కానీ లోకం గుర్తుపెట్టుకున్నది పదపరీక్షను కాదు, పార్కును. ఇది కథనానికున్న బలం. ఒక పాత దృశ్యం రంగులతో సహా కళ్లముందు నిలిచిందంటే 'జ్ఞాపకశక్తి తిరిగివచ్చింది' అని అనుకోవడం సహజం. ఇక్కడే మన అవధానపరిభాష పనికివస్తుంది. అవధానికి కావలసినది ధారణ. పృచ్ఛకులు ఇచ్చిన సమస్యను, దత్తపదిని, నిషిద్ధాక్షరిని పాదం పాదంగా నిలుపుకుని, చివర వరుసగా అప్పజెప్పాలి. చిన్ననాడు చదువుకున్న పద్యం హఠాత్తుగా నోటికి రావడం ధారణ కాదు. అది స్మరణ. అల్జీమర్స్ వ్యాధి తొలిదశలో కూలిపోయేది ధారణ. ఉదయం ఎవరు వచ్చారో చెప్పలేని పెద్దావిడ తన పెళ్లినాటి విశేషాలు పూసగుచ్చినట్టు చెప్పడం ఎన్నో కుటుంబాలకు అనుభవమే. 1953లో మూర్ఛ తగ్గించడానికి చేసిన శస్త్రచికిత్సలో రెండు వైపుల హిప్పోకాంపస్ భాగాలను కోల్పోయిన హెన్రీ మొలేసన్ విషయంలోనూ ఇంతే. బాల్యం గుర్తుంది. అరగంట కింద కలిసిన డాక్టరు గుర్తులేడు. పార్కు దృశ్యం స్మరణకు సాక్ష్యం. రోగులకు కావలసినది ధారణ.

3. ఆరుగురు

2010లో టొరంటో బృందం తొలిదశ ప్రయోగఫలితాలు ప్రకటించింది. వ్యాధి తొలిదశలో ఉన్న ఆరుగురికి ఫోర్నిక్స్ వద్ద ఎలక్ట్రోడ్లు అమర్చి ఏడాదిపాటు ఉద్దీపన ఇచ్చారు. కొందరిలో క్షీణతావేగం తగ్గినట్టు కనిపించింది. అందరినీ ఆకర్షించిన అంశం మరొకటి. పెట్ స్కాన్‌లో కణత, పార్శ్వభాగాల గ్లూకోజ్ వినియోగం పెరిగింది. అల్జీమర్స్‌లో తగ్గిపోయేది సరిగ్గా ఆ ప్రాంతాల గ్లూకోజ్ వినియోగమే.

భద్రతను పరీక్షించడానికి ఉద్దేశించిన తొలిదశ ప్రయోగం కాబట్టి పోల్చిచూడటానికి ఉద్దీపన లేని సమూహం ఇందులో లేదు. దాన్ని తప్పుపట్టలేం. అయితే పోలిక లేనిచోట 'క్షీణత తగ్గింది' అన్న వాక్యానికి అర్థం ఎంత? అల్జీమర్స్ ఒకే వేగంతో నడిచే వ్యాధి కాదు. ఒకరు రెండేళ్లు నిలకడగా ఉంటారు, మరొకరు ఆరునెలల్లో కుంగిపోతారు. ఆరుగురిలో ఇద్దరు ముగ్గురు నిలకడగా ఉండటం ఏ చికిత్సా లేకుండా కూడా జరగవచ్చు. ఇక స్కాన్ విషయం. మెదడులోని తంతువులకు సెకనుకు 130 సార్లు విద్యుత్తు పంపితే ఆ మార్గంలోని కణాలు ఎక్కువ గ్లూకోజ్ వాడుకోవడంలో వింత లేదు. యంత్రం తిరుగుతోందనడానికి అది సాక్ష్యం. పిండి పడుతోందా అన్నది వేరే ప్రశ్న.

ఈ హెచ్చరిక కొత్తదేమీ కాదు. 1985లోనే కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు ఒక అల్జీమర్స్ రోగికి ఎడమవైపు మైనర్ట్ మూలకేంద్రకంలో ఎలక్ట్రోడ్ అమర్చారు. ఎడమ వల్కలంలో గ్లూకోజ్ వినియోగం కొంత నిలిచింది. రోగి స్థితిలో మార్పు లేదు. చిత్రం మారింది, మనిషి మారలేదు. పాతికేళ్ల తరువాతి పరిశోధకులకు ఈ నివేదిక తెలియనిది కాదు. చాలామంది దాన్ని ఉటంకించారు కూడా. అయినప్పటికీ స్కాన్‌లోని రంగులకు దక్కిన ప్రాధాన్యం తగ్గలేదు.

4. నలభై ఇద్దరు

అసలు పరీక్ష ఆ తరువాతిది. 'అడ్వాన్స్' అన్న పేరుతో అమెరికా, కెనడాలలోని ఏడు కేంద్రాలలో జరిగిన ఈ ప్రయోగంలో వ్యాధి తొలిదశలో ఉన్న 42 మంది పాల్గొన్నారు. అందరికీ శస్త్రచికిత్స జరిగింది. ఆపైన సగంమందికి పరికరాన్ని పనిచేయించారు. మిగతా సగంమందికి ఏడాదిపాటు ఆపి ఉంచారు. ఎవరిది పనిచేస్తోందో రోగికి తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. ఏడాది తరువాత అందరికీ ఉద్దీపన ప్రారంభించారు. ఈ రంగంలో అంతవరకు జరిగిన ప్రయోగాలలో ఇంత కట్టుదిట్టమైన నిర్మాణం మరొకదానికి లేదు.

2016లో ఫలితాలు వెలువడ్డాయి. పన్నెండు నెలలకు ప్రధాన కొలమానాలు రెండింటిలోనూ ఉద్దీపన పొందినవారికీ పొందనివారికీ మధ్య గణాంకపరంగా చెప్పుకోదగిన భేదం లేదు. గ్లూకోజ్ వినియోగం ఆరునెలలకు పెరిగింది. పన్నెండు నెలలకు ఆ భేదం గణనీయంగా నిలవలేదు. ఆరుగురిలో ఏడాదిపాటు నిలిచిన మార్పు, పోలికసమూహం ఎదుట ఆరునెలలకే పలచబడిందన్నమాట.

అయితే ఈ ప్రయోగాన్ని 'వైఫల్యం' అని కొట్టివేయడం కూడా సరికాదు. ఒక్కొక్క సమూహంలో 21 మంది. అంత చిన్న సంఖ్యతో ఒక మోస్తరు ప్రయోజనం ఉన్నా అది బయటపడే అవకాశం తక్కువ. కాబట్టి ఈ ఫలితాన్ని 'పనిచేయదని తేలింది' అని చదవకూడదు. 'పనిచేస్తుందని తేలలేదు' అని చదవాలి. ఈ రెండు వాక్యాల మధ్య భేదం వ్యాకరణానికి సంబంధించినదిగా కనిపించవచ్చు. కానీ తర్వాతి రోగి తలకు రంధ్రం చేయాలా వద్దా అన్న నిర్ణయం దానిమీదే ఆధారపడి ఉంటుంది.

నాకు అన్నిటికంటె ఆసక్తికరంగా తోచినది ఈ రోగులలోనే కనిపించిన మరొక విషయం. పరికరాన్ని సరిచేసే సమయంలో వోల్టేజిని పెంచుతూ పరీక్షించినప్పుడు దాదాపు సగంమందికి గతజీవిత దృశ్యాలు కళ్లముందు మెరిశాయని 2019లో ఒక నివేదిక వెల్లడించింది. అంటే పార్కు దృశ్యం ఒక్క వ్యక్తి వింత అనుభవం కాదు. ఫోర్నిక్స్ ప్రాంతంలో తగినంత విద్యుత్తు పంపితే మనిషికి గతం మెరుస్తుంది. అదే రోగుల సమూహంలో ఏడాది తరువాత పరీక్షాంకాలలో భేదం లేదు. స్మరణ, ధారణ వేరువేరని చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన సందర్భం దొరకదు. ఉద్దీపన ఉన్నదాన్ని రగిలించింది. లేనిదాన్ని నిలుపలేకపోయింది. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ మూర్ఛరోగుల కణతభాగాన్ని తాకినప్పుడు కొందరికి పాతపాటలు, పాతగొంతులు వినిపించాయి. వాటిని ఎవరూ జ్ఞాపకశక్తికి చికిత్స అనలేదు. అరవై ఏళ్ల తరువాత అటువంటి అనుభవమే చికిత్సకు మూలమైన ఆశగా మారిన తీరును వైద్యచరిత్రకారులు విడిగా పరిశీలించవలసి ఉంది.

5. అరవై అయిదేళ్ల గీత

ప్రధానఫలితం శూన్యమైనప్పుడు పరిశోధకులు రోగులను వయసునుబట్టి విడదీసి చూశారు. 65 ఏళ్లు, అంతకు పైబడినవారు 30 మంది. వారిలో ఉద్దీపనవల్ల కొంత మేలు జరిగినట్టు కనిపించింది. 65 లోపువారు 12 మంది. వారిలో ఉద్దీపన పొందినవారి స్థితి మరింత దిగజారినట్టు కనిపించింది. తరువాతి పెద్దప్రయోగాన్ని 65 దాటినవారితో నిర్వహించాలన్న నిర్ణయం ఈ విభజన ఫలితమే.

65 అనే గీత గాలిలోంచి తీసుకున్నది కాదు. అల్జీమర్స్‌ను ముందస్తు, ఆలస్య రూపాలుగా విభజించడంలో వైద్యులు చాలాకాలంగా వాడుతున్నదే. చిన్నవయసులో వచ్చే వ్యాధి వేగంగా సాగుతుందనీ, మెదడు ఎక్కువగా కుంచించుకుపోతుందనీ వాదించవచ్చు. వాదన బాగానే ఉంది. కానీ ఫలితాలు తారుమారై, చిన్నవయసువారికి మేలు జరిగి ఉంటే? వారి నాడీవలయాలు ఇంకా చేవతో ఉన్నందువల్ల ఉద్దీపనకు స్పందించాయని అంతే సులువుగా చెప్పగలిగేవారు. ఫలితం ఎటు వచ్చినా వివరించగల సిద్ధాంతం ఫలితాన్ని ముందుగా చెప్పిన సిద్ధాంతం కాదు. సాహిత్యవిమర్శలో మనకిది పరిచితమైన దోషమే. కవి ఏది రాసినా తన ప్రతిపాదనకు అనుకూలంగా అన్వయించుకునే విమర్శకుణ్ని మనం ఎంతవరకు నమ్ముతాం? పన్నెండుమందిని మళ్లీ రెండుగా చీలిస్తే ఒక్కొక్క వైపు మిగిలేది వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమంది. ఒకరిద్దరి స్థితి మారితే సగటు మొత్తం తలకిందులవుతుంది.

ఇంకొక అంశం ఉంది. మేలు జరిగినట్టు కనిపించిన వర్గం మీద కొత్త ప్రయోగం నిర్మించారు. కీడు జరిగినట్టు కనిపించిన వర్గం గురించి? ఆ సూచన నిజమైతే అది భద్రతకు సంబంధించిన తీవ్రమైన విషయం. నిజం కాకపోతే మేలు సూచన కూడా అంతే బలహీనం. ఒకే విశ్లేషణలో సగాన్ని ఆశగా స్వీకరించి మిగతా సగాన్ని మినహాయింపు నిబంధనగా మార్చడం ఏకపక్ష పఠనం అవుతుంది.

2022లో 'నేచర్ కమ్యూనికేషన్స్'లో వచ్చిన అధ్యయనం మరొక మార్గం తొక్కింది. ఏడు కేంద్రాలలోని 46 మంది రోగుల స్కాన్లను తిరిగి పరిశీలించి, ఎలక్ట్రోడ్ ఖచ్చితంగా ఎక్కడ ఉన్నవారిలో మెరుగుదల కనిపించిందో పటం గీసింది. ఫోర్నిక్స్, స్ట్రియా టెర్మినాలిస్ కలిసేచోట ఉద్దీపన తగిలినవారి ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని సూచించింది. వయసు విభజన కంటె ఇది బలమైన పరికల్పన. తీగకొన మిల్లీమీటరు పక్కకు జరిగినా వేరే నాడీమార్గం ఉత్తేజితమవుతుందన్నది శరీరనిర్మాణం ఎరిగిన మాట. కానీ ఇదీ వెనుచూపే. ఆ చోటును ముందుగా ప్రకటించి, అక్కడే ఎలక్ట్రోడ్ అమర్చి, పోలికసమూహంతో పరీక్షించినప్పుడే దాని బలం తెలుస్తుంది.

6. కోత లేని పద్ధతులు

కపాలం తెరవకుండా అయస్కాంతక్షేత్రంతో మెదడును ఉత్తేజపరచే పద్ధతిపైనా ప్రయోగాలు జరిగాయి. రోమ్‌లో జాకొమో కోచ్ బృందం 50 మంది రోగులపై 24 వారాలు నిర్వహించి 2022లో ప్రకటించిన ప్రయోగం వీటిలో చెప్పుకోదగినది. మొదటి రెండు వారాలు ప్రతిదినం, ఆపైన వారానికొకసారి ప్రిక్యూనియస్ ప్రాంతానికి ఉద్దీపన ఇచ్చారు. నకిలీ ఉద్దీపన పొందినవారు క్షీణించగా, నిజమైన ఉద్దీపన పొందినవారు దాదాపు నిలకడగా ఉన్నారు. ముందుగా ప్రకటించుకున్న ప్రధానకొలమానంలోనే భేదం కనిపించడం దీని బలం. అయస్కాంతచుట్ట తలపై టకటకమని తట్టినట్టుండే అనుభూతిని నకిలీ పరికరం ఎంతవరకు అనుకరించగలదన్నది ఈ రంగమంతటినీ వెంటాడే సందేహం. సెకనుకు 40 సార్లు మెరిసే కాంతి ఎలుకల మెదడులో అమిలాయిడ్‌ను తగ్గించిందని 2016లో మసాచుసెట్స్ నుంచి వచ్చిన నివేదిక గొప్ప సంచలనం కలిగించింది. 2023లో న్యూయార్క్ పరిశోధకులు అదే ఫలితాన్ని తిరిగి రాబట్టలేకపోయారు. ఆ వివాదం ప్రత్యేకవ్యాసానికి తగినది.

7. సమ్మతి ఎవరిది?

అడ్వాన్స్ ప్రయోగంలో 21 మంది తలకు రంధ్రాలు చేయించుకుని, ఏడాదిపాటు పనిచేయని పరికరాన్ని మోశారు. శస్త్రచికిత్స మొత్తంమీద సురక్షితంగానే ముగిసింది. కొందరికి మాత్రం రెండవసారి శస్త్రచికిత్స అవసరమైంది. పోలికసమూహం లేకుంటే నిజం తెలియదని ఇంతవరకు వాదించినవాడిని, దాని మూల్యం ఇదని ఒప్పుకోక తప్పదు. ఏడాది తరువాత వారికీ ఉద్దీపన ఇస్తామన్న హామీ ఈ మూల్యాన్ని కొంత తగ్గిస్తుంది. కానీ అల్జీమర్స్‌లో ఏడాది అంటే తిరిగిరాని ఏడాది.

తొలిదశ రోగులనే ఎన్నుకోవడానికి ఒక కారణం వారు ఇంకా స్వయంగా సమ్మతి ఇవ్వగలరన్నది. సంతకం చేసిన మనిషి, రెండేళ్ల తరువాత ఛాతీలో పరికరంతో బతుకుతున్న మనిషి ఒకరేనా? తాను దేనికి ఒప్పుకున్నదీ మరిచిపోయిన రోగి 'ఇది తీసేయండి' అంటే ఎవరి మాట చెల్లాలి? ప్రయోగంలో చేరడానికి ప్రతి రోగికీ సంరక్షకులు ఉండాలన్న నియమం ఉంది. మెరుగుదలను గమనించి చెప్పేవారిలోనూ వారే ముఖ్యులు. భర్త తనను పేరుపెట్టి పిలిచిన ఒక్క ఉదయాన్ని భార్య పరికరం చలవగా భావించడంలో ఆశ్చర్యం లేదు. పరికరం ఆగివున్న ఇళ్లలోనూ అటువంటి ఉదయాలు ఉండి ఉంటాయి.

8. కొలమానం, భాష

ఈ ప్రయోగాల తీర్పు చివరకు కొన్ని పరీక్షలమీద ఆధారపడింది. వాటిలో ప్రధానమైన అడాస్-కాగ్ పరీక్షలో పది పదాలను చూపి, మళ్లీ చెప్పమంటారు. తరువాత మరొక జాబితాలోని పదాలను గుర్తుపట్టమంటారు. ఇది ధారణను కొలిచే పరీక్ష. అంతవరకు అది సబబే. కానీ ఇది అక్షరాస్యులకోసం, ఒక భాషాసమాజం కోసం రూపొందినది. మన ప్రాంతంలో ఇటువంటి ప్రయోగం జరిగితే ఏ పదాలతో పరీక్షిస్తారు?

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. హైదరాబాదు నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చింది. ఒకటికంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధిలక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, నిరక్షరాస్యులలో కూడా ఈ భేదం ఉందని అది చూపింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన నగరంలో తప్ప ఇటువంటి పరిశీలన సాధ్యం కాదు. ఒక భాషలో పదం దొరకనప్పుడు మరొక భాషలో దాన్ని అందుకునే రోగికి, ఒకే భాషలో పెట్టిన పదజాబితా ఎన్ని మార్కులు వేస్తుంది? 'కుర్చీ' అని చూపిన పదాన్ని రోగి 'చైర్' అని అప్పజెబితే అది మరుపా, జ్ఞాపకమా? మాండలికభేదాలు సరేసరి. ఒకచోట 'సొరకాయ' అనేదాన్ని మరొకచోట 'ఆనపకాయ' అంటారు. పరీక్షకుడి ముందున్న కాగితంలో ఉన్నది ఒక్కటే మాట.

ఈ చిక్కు శస్త్రచికిత్సకుడు తీర్చగలిగినది కాదు. మాండలికపదకోశాలమీద పనిచేస్తున్న భాషాశాఖల పరిశోధకులు, నాడీవైద్యులు కలిసి కూర్చుని ముందుగా తేల్చవలసిన పని. ఏ పదాలు ప్రాంతాలకు అతీతంగా సమానంగా పరిచితం, వాటిలో వేటికి జంటపదాలు వాడుకలో ఉన్నాయి, చదువురాని వృద్ధులకు చూపి కాక వినిపించి పరీక్షిస్తే ఫలితం ఎంత మారుతుంది అన్నవి ఎలక్ట్రోడ్ అవసరం లేకుండా, ఆసుపత్రి గుమ్మం దాటకుండా చేయగల పరిశోధనాంశాలు. వీటిలో మొదటి రెండూ మన విశ్వవిద్యాలయాల తెలుగు, భాషాశాస్త్ర శాఖలలో పిహెచ్.డి. స్థాయిలో వెంటనే చేపట్టదగినవి.